పే స్లిప్ చూసి కంగారు పడకండి

స్టట్‌గార్ట్, జర్మనీ,
ఆదివారం

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఫోన్లో మీరు ఏమడిగినా "బాగానే ఉంది" అని సరిపెట్టేస్తున్నాను. ఆ టైముకి ట్రైన్లోనో, ఎవరి పక్కనో ఉంటాను మరి. ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. ఆదివారం ఇక్కడ షాపులన్నీ మూసేస్తారు, వేరే పనీ లేదు.

ముందు జీతం సంగతి. నేను పంపిన పే స్లిప్ చూసి నాన్నగారు కంగారు పడ్డారట. నాకెవరూ కోత పెట్టలేదు. పెళ్లికానివాళ్లని ఇక్కడ ఒకటో ట్యాక్స్ క్లాసులో వేస్తారు, పన్ను గట్టిగానే పడుతుంది. దాని మీద ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, ముసలితనంలో చూసుకోవడానికి ఇంకో బీమా. పెన్షన్‌కే జీతంలో 18.6 శాతం పోతుంది, అందులో సగం నాది, సగం కంపెనీది. మీ పీఎఫ్ లాంటిదే అనుకోండి. అన్నీ పోను వందలో అరవై చిల్లర చేతికొస్తుంది. అయినా సరిపోతుంది. వచ్చే నెల నుంచి లోన్ ఈఎంఐ నేనే కడతాను, మీరు బ్యాంకుకి వెళ్లొద్దు.

ఉద్యోగం పర్మనెంటే. కాకపోతే మొదటి 6 నెలలు ప్రొబేషన్. ఈలోగా వాళ్లైనా నేనైనా రెండు వారాల నోటీసుతో వద్దనుకోవచ్చు. ఇక్కడ దాదాపు అందరికీ ఇంతే. ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికిచ్చే బ్లూ కార్డు అనే పర్మిట్ కూడా వచ్చేసింది. జర్మన్ భాషలో బీ1 స్థాయి పరీక్ష పాసైతే 21 నెలలకే శాశ్వత నివాసానికి అప్లై చేసుకోవచ్చు, అందుకే సాయంత్రాలు మళ్లీ క్లాసులకి వెళ్తున్నాను.

నాన్నగారూ, నా పని మీకు నచ్చుతుంది. బ్రేక్ కంట్రోల్ యూనిట్‌ని కంప్యూటర్‌కి కలిపి, రోడ్డు తడిసినట్టు, మంచు పట్టినట్టు దాన్ని నమ్మించి, సరిగ్గా పట్టుకుంటుందో లేదో చూస్తాం. బండే అక్కర్లేదు. బ్రేకులు చూడనిదే డిపోలోంచి బస్సు కదలనిచ్చేవారు కాదని మీ గురించి మా బాస్‌కి చెబితే, ఆయన తెగ సంబరపడ్డాడు. (ఆయన్ని పేరు పెట్టే పిలవాలి. నాకింకా నోరు తిరగడం లేదు.)

కాలేజీలో సెమిస్టరంతా తిరిగి, చివరి పది రోజులు రాత్రుళ్లు కూర్చుని గట్టెక్కేదాన్ని కదా. ఆఫీసులో ఆ చివరి పది రోజులు రావు. రోజూ పొద్దున్నే టీమంతా పావుగంట కలుస్తారు, ఎవరి పని ఎక్కడ ఆగిందో చెప్పాలి. మన క్లాసులో లేచి రాదంటే నవ్వేవాళ్లు. ఇక్కడ రానిది రాదని చెప్పకుండా రెండు రోజులు నాన్చితేనే మొహం మాడ్చుకుంటారు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మార్కులు లేకపోవడం. తప్పుంటే నలుగురిలోనే చెప్పేస్తారు. బాగుంటే ఏమీ అనరు. ఏమీ అనలేదంటే బాగున్నట్టేనని ఇక్కడే పనిచేసే గుంటూరావిడ ఒకరు చెప్పాకే నా టెన్షన్ తగ్గింది.

కొత్తగా చేరినవాళ్లే టీముకి తినడానికి పెట్టాలన్నది ఇక్కడి ఆనవాయితీ. పులిహోర తీసుకెళ్లాను. ఒకాయన ఎండుమిరపకాయ నమిలేసి, కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాడు.

అమ్మా, అర్ధరాత్రి దాకా పని చేయిస్తారేమోనని బెంగ పెట్టుకోకు. రోజుకి పది గంటలు దాటకూడదని చట్టమే ఉంది. ఐదున్నరకల్లా ఆఫీసు ఖాళీ. కష్టమంతా ఆ తర్వాతే. హాస్టల్లో వంటగదిలోకి వెళ్తే ఎవరో ఒకరు ఉండేవాళ్లు, అన్నం ఎవరిదో, పప్పు ఎవరిదో. ఇప్పుడు ఒకరు మ్యూనిక్, ఒకరు బెర్లిన్. ఒక్కదానికి కూర వండబుద్ధి కాదు. పెరుగన్నంలో నువ్వు పంపిన మాగాయ వేసుకుని కానిచ్చేస్తున్నాను. అందుకే నువ్వడిగినప్పుడల్లా "తిన్నాను" అని మాట మార్చేస్తున్నా.

ఏడాదికి 30 రోజుల సెలవుంది. ప్రొబేషన్ డిసెంబరుకి అయిపోతుంది, సంక్రాంతికి టికెట్లు చూస్తున్నాను. తమ్ముడికి ల్యాప్‌టాప్ ఇక్కడ కొనాలా, అక్కడ కొంటే చవకా, వాణ్నే కనుక్కుని చెప్పమనండి. నాన్నగారూ, బీపీ మాత్రలు మానకండి.

మీ పెద్దమ్మాయి