చాపలో సగం ఇచ్చిన అమ్మకు

నాటకమంటే ప్రాణం పెట్టే మేం నలుగురు స్నేహితులం చిత్తూరు దగ్గర ద్రౌపదమ్మ గుడికి, భారతం ఉత్సవాలకు వెళ్లాం. పగలు హరికథ, రాత్రి నాటకం. జానెడు చోటు లేదు. కాలు బెణికిన మా స్నేహితురాలు నిలబడలేకపోతోంది. మాకు ఒకటే టెన్షన్.

"ఇట్లా రాండి బిడ్డా" అంటూ మీరు మనవణ్ణి ఒళ్లోకి లాక్కుని, చాపలో సగం మాకిచ్చారు. హార్మోనియం శ్రుతికి ద్రౌపది పాటెత్తుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ వేషంలో ఉన్నది మగాయన అని మీరు చెప్పేదాకా మాకు తెలియనే లేదు! ఎంత గొంతు, ఎంత దుఃఖం! తెల్లవారేదాకా ఒక్క పాటా వదల్లేదు.

పేరు అడగడం మరిచాం. అర్జునుడు తపస్సు చేయడానికి తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజుకు ఈసారి తప్పక వస్తాం. మీకు దండాలమ్మా.