బండికి ముందు చక్రాల షాఫ్ట్ ఉందో లేదో చూడమని ఎవరూ చెప్పరేం?

అయ్యా,

చలికాలంలో ఏజెన్సీ ఉద్యోగులు సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) బండి ఎలా కొనుక్కోవాలో చెబుతూ పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో అరపేజీ వేశారు. తెలిసినవాళ్లెవరైనా సవరణ రాస్తారేమోనని చూశాం, ఎవరూ రాయలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని విశాఖలో బ్రోకర్ల చుట్టూ తిరిగే టీచర్లు, ఏఎన్ఎంలు, సచివాలయ సిబ్బంది ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం.

వ్యాసం పక్కన వేసిన ఫొటోలో బండి మోకాలి లోతు హిమంలో దూసుకుపోతోంది. ఏ దేశమో గాని బాగుంది. చింతపల్లి, జి.మాడుగుల, ముంచంగిపుట్టు వైపు చలికాలంలో బండిని ఇబ్బంది పెట్టేవి వేరు. తెల్లవారుజామున పొగమంచుకు తడిసిన ఘాట్ తారు ఒకటి. తుఫాను వానలకు నాని, ట్రాక్టర్లు దున్నేసి వదిలిన ఎర్రమట్టి దారి ఇంకొకటి. ఆపైన కల్వర్టు లేని గెడ్డ, అంటే కొండవాగు. తడి తారుకు కావలసింది మంచి టైర్లు, సరైన బ్రేకులు, అద్దం మీద ఆవిరి తీసే బ్లోయర్. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం వచ్చేది తారు దిగి మట్టిలోకి వెళ్లాకే. బడి తారు రోడ్డు పక్కనే ఉన్నవాళ్లు ఈ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. నేల నుంచి ఎత్తుగా ఉండే మామూలు కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించుకుంటే చాలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు బాగా పడుతుందని మీ వ్యాసకర్త సెలవిచ్చారు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కదండీ! ఎక్కేటప్పుడు లాగినంత మాత్రాన దిగేటప్పుడు ఆగదు. ఆ ధీమాతోనే మలుపుల్లో లోయ వైపు జారతారు. తారు మీద దిగుతున్నా రెండో గేరులో ఇంజిన్ పట్టు మీదే దిగాలి. బురద వాలులో అయితే ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగేది) మొదటి గేరు వేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగాలి.

అంతకంటే ఘోరం, చలికాలమంతా ఫోర్ హెచ్‌లోనే (మామూలు వేగంలో నాలుగు చక్రాలకూ డ్రైవ్) ఉంచమనడం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. మారుతీ జిప్సీ, మహీంద్రా థార్, మారుతీ జిమ్నీల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. గట్టి తారు మీద జారే వీల్లేదు. దాంతో బలమంతా చక్రాలకు డ్రైవ్ అందించే షాఫ్టులో మెలిపడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, ఫోర్ హెచ్ వేసే రాడ్ వెనక్కి రాదు, కొన్నాళ్లకు షాఫ్టు కీళ్లు (క్రాసులు), ముందు చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోతాయి. రాడ్ ఇరుక్కుంటే బలవంతంగా గుంజకుండా, నాలుగు మీటర్లు తిన్నగా రివర్స్ చేస్తే వదులుతుంది. పాడేరు ఘాట్ అంతా ఫోర్ హెచ్‌లో నడిపితే షెడ్డువాళ్లకే పండగ.

ఇక బళ్ల సంగతి. థార్‌లన్నీ ఫోర్ బై ఫోరే అని మీ పట్టికలో ఉంది. కాదు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్ ఉన్న థార్ కూడా అమ్ముతున్నారు. పైకి చూస్తే తేడా తెలియదు. లోపల గేర్ రాడ్ పక్కన రెండో రాడ్ ఉందేమో చూడాలి. అది లేకపోతే బేరం అక్కడే ఆపేయాలి. 2020లో కొత్త థార్ రాకముందు అమ్మిన పాత థార్‌లోనూ టూ వీల్ డ్రైవ్ బళ్లున్నాయి.

చిన్న బండి అంటే మన దగ్గర ఇప్పటికీ జిప్సీయే. 1985లో వచ్చి 2019లో ఆగింది. రోజూ నడపడానికైతే 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా పెట్రోలు చిమ్మే) ఇంజిన్ బండే చూడండి. చలి పొద్దున కార్బురేటర్ బండితో చోక్ లాగుతూ కుస్తీ పట్టే ఓపిక అందరికీ ఉండదు. ఏ బండైనా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. డీజిల్ బండిలో హీటర్ ప్లగ్గులు పోయిన సంగతి కూడా చల్లటి ఇంజిన్‌తోనే బయటపడుతుంది.

జిప్సీ కిందికి వంగి మొట్టమొదట చూడాల్సింది ముందు షాఫ్ట్ అసలు ఉందా అని. నవ్వకండి. పెట్రోలు కలిసొస్తుందనో, చప్పుడు వస్తోందనో ఊడదీసి అమ్మేసిన బళ్లు చాలా ఉన్నాయి. ఉంటే, తర్వాత ముందు చక్రాల హబ్బులు, అంటే చక్రాన్ని యాక్సిల్‌తో కలిపేవి, విడదీసేవి. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, రాడ్ టూ హెచ్‌లో (వెనక చక్రాలకే డ్రైవ్) ఉంచి, ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపండి. రెండు హబ్బుల మీది మరలనూ లాక్‌కి తిప్పి ఒక చక్రం తిప్పితే ముందు షాఫ్టో, అవతలి చక్రమో కూడా తిరగాలి. రెండూ ఫ్రీకి తిప్పితే అవి కదలకుండా ఆ చక్రమొక్కటే తిరగాలి. ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని హబ్బులు తుప్పుతో బిగుసుకుపోతాయి. చక్రం గాల్లో ఉండగానే పైనా కిందా పట్టుకుని ఊపండి. లొటలొటలాడితే చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరి కింగ్‌పిన్ బేరింగులో, చక్రం బేరింగులో అరిగినట్టు. స్పీడులో గుంత తగిలితే స్టీరింగ్ గజగజ వణికేది కింగ్‌పిన్ అరిగిన బండే. చక్రం వెనక గుండ్రటి నకిల్ మీద గ్రీజూ నూనే కలిసి కారుతుంటే లోపల ఆయిల్ సీల్ పోయింది.

ఇరుసు మీద ఉండే డిఫరెన్షియల్ కింది బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. నూనె మజ్జిగలా తెల్లగా ఉంటే గెడ్డ నీళ్లు లోపలికి పోయాయి. నీళ్లొక్కటే అయితే ముందువైపు సుమారు రెండు లీటర్ల గేర్ ఆయిల్ మారిస్తే తీరుతుంది. ఇనుప రజను కూడా వస్తే లోపలి పెద్ద పళ్ల చక్రం (క్రౌన్) దాకా ఖర్చు. తర్వాత మట్టి దారి చూసుకుని ఫోర్ హెచ్ వేసి లాగించాలి, పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి ఫోర్ ఎల్ వేసి ఎత్తు ఎక్కించాలి. మధ్యలో రాడ్ దానంతటది న్యూట్రల్‌కి వచ్చేస్తే ఆ బండి వద్దు.

సముద్రం పక్కన తిరిగిన బళ్లకు తుప్పు ఎక్కువ. కొత్తగా నల్ల పెయింటు కొట్టిన ఛాసిస్ చూసి మురిసిపోకుండా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, ముఖ్యంగా కమాన్ పట్టీలు బిగించే చోట, మ్యాట్ల కింద నేల మీద. కాలు ఆనే చోట రేకు పోతే అతుకు వేయొచ్చు. కమాను కొక్కెం దగ్గర ఛాసిస్ పోతే వదిలేయడమే మేలు. హీటర్ పైపులు చాలా బళ్లలో లీకేజీ భయంతో బైపాస్ చేసి ఉంటారు. లంబసింగి పొగమంచులో అద్దం తుడుస్తూ ఒంటిచేత్తో నడపడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత జిప్సీ రబ్బరు పెట్రోలు పైపులన్నీ కొనగానే మార్చేయాలి.

రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్నది) 2014లో వచ్చింది, రోజూ తిరగడానికి జిప్సీ కంటే సుఖం. దానికి ఫోర్ ఎల్ లాంటి లో రేంజి లేదు. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే వెనక చక్రాలకు బలం పంపే కప్లింగు ఊరికే వేడెక్కుతుంది. రెండు కొత్తవి, రెండు నున్నటివి వేసి అమ్మకానికి పెట్టిన బండి కనబడితే అనుమానించండి. డస్టర్‌లోనూ చాలావరకు ముందు చక్రాల బళ్లే, కన్సోల్ మీద ఆటో, లాక్ మర ఉంటేనే ఏడబ్ల్యూడీ. 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ వీటన్నిటికంటే నయమే గాని సెకండ్ హ్యాండ్‌లోనూ దాని ధర చిన్న ఉద్యోగి జీతానికి అందదు.

కాగితాల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లకు ఆంక్షలు వచ్చాక అక్కడివి చవగ్గా ఇక్కడికి చేరుతున్నాయి. ఆ ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి రానిదే అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అది బేరంలో కలిపి చూసుకోవాలి. ఆర్మీ వేలంలో వచ్చిన జిప్సీకి ఆకుపచ్చ రంగు అలాగే ఉంచుకుంటే కుదరదు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్లకే పరిమితం.

15 ఏళ్లు దాటిన సొంత బండికి ఆర్‌సీ పొడిగించేటప్పుడు ఫిట్‌నెస్ చూస్తారు. హారన్ మోగిందా, లైటు వెలిగిందా, పొగ ఎంత అని చూస్తారు. ఫోర్ బై ఫోర్ పేరుతో అమ్ముడుపోతున్న బండికి ముందు చక్రాలకు ఇంజిన్ బలం అందుతోందా అని చూసే అధికారి ఎక్కడా లేరు. టాపు మీద పది తెల్ల ఎల్‌ఈడీలు పెట్టుకుని, పొగమంచులో ఎదుటివాడి కళ్లు పోగొట్టే టూరిస్టు బళ్లనూ ఎవరూ ఆపరు. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో అవే లంబసింగి రోడ్డుకు అడ్డంగా ఆగుతాయి. పొగమంచుకు కావలసింది బంపరు దగ్గర కిందికి పెట్టిన రెండు ఫాగ్ లైట్లు, లోబీమ్. అంతే.

2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది, పాడేరుకు కలెక్టరు వచ్చారు. ప్రతి వానాకాలం తర్వాత కొట్టుకుపోయే అవే మట్టి దారులకు అవే శంకుస్థాపనలు కూడా వస్తూనే ఉన్నాయి. కొండ శిఖరాల ఊళ్ల నుంచి గర్భిణులు ఇంకా డోలీల్లోనే దిగుతున్నారు. గెడ్డ మీద చిన్న కల్వర్టు కట్టడం చేతకాని వ్యవస్థ, పంతులమ్మను మాత్రం తొమ్మిదికల్లా ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయమంటుంది. ఆవిడ అప్పు చేసి ఫోర్ బై ఫోర్ కొనుక్కోవడం దీనికి పరిష్కారమని మీ పత్రిక రాస్తుంది!

థార్ సంగతి, తారు మీద ఫోర్ హెచ్ సంగతి, బ్రేకుల సంగతి, ఈ మూడూ సవరించి ఈ ఆదివారమే వేయండి. జనం అడ్వాన్సులు ఇచ్చేశాక వేసి లాభం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చింతపల్లి