రేసు వార్తల్లో మెకానిక్ ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

జనవరి వచ్చిందంటే, రోజుల తరబడి సాగే వాహనాల పోటీ డాకర్ ర్యాలీ విజేతల ఫొటోలు క్రీడా పుటల్లో కనిపిస్తాయి గానీ, రోజంతా ఎడారిలో పరుగెత్తి వచ్చిన కారును రాత్రి విడిదిలో విప్పి, తెల్లవారేసరికి మళ్లీ బిగించే మెకానిక్ గురించి ఒక్క వాక్యమూ ఉండదు. 1955లో ఇటలీ రోడ్డు రేసు మిల్లే మిలియాలో బ్రిటిష్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్, పక్కన కూర్చొని దారి చెప్పిన జెంకిన్‌సన్‌తో కలిసి దాదాపు 1,600 కిలోమీటర్లను 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడని రాస్తారు. రోమ్‌లో పెట్రోలు నింపి, వెనుక టైర్లు మార్చి సాగనంపినవారు ఎవరికి గుర్తున్నారు? డాకర్‌లోనే మధ్యలో ఒక రాత్రి ఆగి రెండు రోజులు సాగే మారథాన్ అంచెలో బయటి సాయం నిషిద్ధం, పోటీదారులే పానా పట్టాలి. ఆ రాత్రి వారికి మెకానిక్ విలువ తెలియకుండా ఉండదు.

మేడారం జాతర నుంచి తిరిగొచ్చిన మా జీపును హనుమకొండలో ఒక మెకానిక్ చూశాడు. ఎయిర్ ఫిల్టర్‌లోంచి గుప్పెడు దుమ్ము దులిపి, స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, "బేరింగ్ పోయింది సార్" అన్నాడు. విప్పితే అదే. (బిల్లు మాత్రం నాకు నచ్చలేదు.) రేసు వార్త రాసేటప్పుడు ఇటువంటి చెవుల గురించి కూడా నాలుగు వాక్యాలు వేయవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, హనుమకొండ