నేపాల్‌కు వరమట!

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ వాణిజ్యం పేజీలో 'నేపాల్‌కు వరం మన విశాఖ పోర్టు' అని పెద్ద అక్షరాలతో ఒక వార్త వేశారు. పక్కనే క్రేన్ల ఫొటో. వెంటనే రాద్దామనుకున్నాను, ఇంట్లో పెళ్లి పనుల వల్ల కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

ఇంతకీ ఆ వరం ఏమిటి? 2025 నవంబరులో భారత్, నేపాల్ తమ ట్రాన్సిట్ ఒప్పందాన్ని, అంటే నేపాల్ సరుకు మన దేశం మీదుగా వెళ్లేందుకున్న ఒప్పందాన్ని, సవరించుకున్నాయి. విశాఖ నుంచి ఉత్తరప్రదేశ్‌లోని నౌతన్వా మీదుగా నేపాల్ సరిహద్దులోని సునౌలికి సరుకు వెళ్లే దారి అందులో ఉంది. సంతోషమే. కానీ విశాఖ పోర్టును నేపాల్‌కు తెరవాలన్న నిర్ణయం 2016 నాటిదని మీ విలేకరి ఎక్కడా రాయలేదు. దాదాపు పదేళ్లుగా నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌కు ఇక్కడి నుంచి పంపుకోవచ్చు. ఈ పదేళ్లలో ఎంత సరుకు మన దగ్గరికి వచ్చింది, ఎంత కోల్‌కతాలోనే ఉండిపోయింది అన్న లెక్క వేయకుండా వరం అనేస్తే ఎలా?

రిటైరయ్యేవరకు పోర్టు సరుకుకు కస్టమ్స్ కాగితాలు నడిపే క్లియరింగ్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కోల్‌కతాది హుగ్లీ నది మీది పోర్టు, లోతు చాలదు. పెద్ద ఓడలు అక్కడికి రాలేవు. సరుకు సింగపూర్‌లోనో కొలంబోలోనో దిగి, చిన్న ఓడ ఎక్కి వస్తుంది. మన పోర్టులో లోతుంది, పెద్ద ఓడ నేరుగా వచ్చి ఆగుతుంది. ఇది మన బలం. బీర్‌గంజ్‌కు కోల్‌కతా నుంచి సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు 1,400. ఇది మన బలహీనత. సముద్రం మీద కలిసొచ్చిన రోజులు రైలు కోసం ఎదురుచూడటంలో పోతే వ్యాపారి మన వైపు ఎందుకు చూస్తాడు?

ఒక రేక్ అంటే ఒక పూర్తి గూడ్సు రైలు, అందులో ఇరవై అడుగుల డబ్బాలు (కంటైనర్లు) 90 పడతాయి. బీర్‌గంజ్‌కు అన్ని డబ్బాలు పోగయ్యేదాకా ముందు వచ్చినవాడు కూర్చోవాలి. డబ్బా తిరిగివ్వడానికి షిప్పింగ్ లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్ దాటితే రోజుకింతని డిటెన్షన్ చార్జీ పడుతుంది. నేపాల్ కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ. అందుకే చాలా డబ్బాలు ఖాళీగానే వెనక్కి రావాలి, ఆ ఖర్చూ వ్యాపారి నెత్తినే. చివరికి బీర్‌గంజ్ బజారులో సరుకు కొనేవాడే ఇదంతా కడతాడు.

కాగితాల సంగతి చూడండి. ఒకసారి ఒక ఆఫీసులో గుమాస్తా ట్రాన్సిట్ డిక్లరేషన్‌లో కంటైనర్ నంబరు కొట్టేటప్పుడు 6 బదులు 8 కొట్టాడు. శుక్రవారం సాయంత్రం. దిద్దాల్సిన అధికారి సోమవారం దాకా రారు. సోమవారం వచ్చి, 'సవరణకు వేరే దరఖాస్తు పెట్టుకోండి' అన్నారు. తప్పు ఎవరిదో కాగితం మీదే కనబడుతోంది, అయినా దరఖాస్తు మేమే పెట్టాలి! బీర్‌గంజ్ పార్టీ ఫోన్ చేసి 'భయ్యా, క్యా హువా' అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సీళ్లు వచ్చాయి, దారి పొడవునా డబ్బా ఎక్కడుందో తెరమీద కనబడుతుందంటున్నారు. మంచిదే. కదలకుండా ఎక్కడ నిలబడిందో కూడా అందులోనే కనబడుతుంది మరి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇంకో మాట. నేపాల్ వాళ్లకు మనం దానమేమీ చేయడం లేదు. పోర్టు చార్జీలు కడుతున్నారు, రైలు కిరాయి కడుతున్నారు. సముద్రం లేని దేశానికి సముద్రం దాకా దారి హక్కని 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడికలో రాసే ఉంది, దాన్ని మనమూ ఆమోదించాం. 1989లో మనతో ఒప్పందాల గడువు తీరినప్పుడు నేపాల్ ఎంత ఇబ్బంది పడిందో, 2015లో భూకంపం వచ్చిన కొన్ని నెలలకే సరిహద్దులో లారీలు ఆగిపోయి గ్యాసు, పెట్రోలు లేక ఎంత అల్లాడిందో మనం మరిచిపోవచ్చు, వాళ్లు మరవరు. ఎవరు ఆపారన్నది ఢిల్లీ ఒకటి చెబుతుంది, ఖాట్మండు ఒకటి చెబుతుంది. ఆ తర్వాత వాళ్లు చైనాతో తియాన్‌జిన్ లాంటి రేవులకు ఒప్పందం చేసుకున్నారంటే ఆశ్చర్యమేముంది? మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రేవు మీద మోజుతో చేసుకున్నది కాదది.

2025 ఆగస్టులో తుర్క్‌మెనిస్తాన్‌లోని అవాజాలో నేపాల్‌లా సముద్రం లేని 32 దేశాల గురించి ఐక్యరాజ్యసమితి పెద్ద సదస్సే పెట్టింది. దాని గురించి మీ పేపర్లో నాకు ఒక్క వార్త కూడా కనబడలేదు. సినిమా వాళ్ల పెళ్లిళ్లకు మాత్రం పేజీలు దొరుకుతాయి.

మన అధికారుల తీరు వేరే చెప్పాలా? విశాఖ రైల్వే జోన్ 2019లో ప్రకటిస్తే ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఎన్ని సాయంత్రాలు పోయాయో పాతవూరి వాళ్లను అడగండి, బొగ్గు దుమ్ము సంగతీ వాళ్లే చెబుతారు. సమీక్షా సమావేశాలకు, శాలువాలకు మాత్రం లోటు లేదు. వెనకటి అధికారులు కనీసం యార్డులోకి దిగి చూసేవారు.

కాబట్టి ఈసారి రాసేటప్పుడు క్రేన్ల ఫొటో పక్కన పెట్టి, ఏదో ఒక నేపాల్ కంటైనర్‌ను పట్టుకోండి. ఓడ దిగిన తేదీ, రైలెక్కిన తేదీ, సరిహద్దు దాటిన తేదీ, ఖాళీ డబ్బా తిరిగొచ్చిన తేదీ, ఈ నాలుగూ వేయండి. ఎక్కడైనా ఎక్కువ రోజులు ఆగితే, ఎవరి టేబుల్ దగ్గర ఆగిందో అది కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
మహారాణిపేట, విశాఖపట్నం