స్టాప్‌వాచ్ ఆడవాళ్ల చేతికివ్వండి

సంపాదకుడికి,

అమెరికాలో తన ఊరి రోడియోకే (గుర్రపు స్వారీ, ఎద్దు స్వారీ లాంటి పశుపాలకుల పోటీలకే) జీవితమంతా ఇచ్చిన ఒక మహిళ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు, సంతోషం. కానీ రోడియోలో ఆడవాళ్లకు ధైర్యం ఏనాడూ కొదవ కాదు. 1929లో ఒరెగాన్‌లోని పెండిల్‌టన్‌లో బానీ మెక్‌కారల్ పొగరుబోతు గుర్రం మీద నుంచి పడి, ఆ గాయాలతోనే చనిపోయింది. అప్పట్లో చాలామంది ఆడవాళ్లు రెండు రికాబులనూ గుర్రం పొట్ట కింద కలిపి కట్టించుకుని ఎక్కేవారు. అలా కడితే రికాబు ఊగదు, పట్టు చిక్కుతుంది. గుర్రం కూలితే మాత్రం కాలు ఊడిరాదు. ఆ కట్టు సంగతి చూడాల్సింది పోయి, అక్కడ ఆడవాళ్ల పోటీనే ఎత్తేశారు!

1948లో టెక్సాస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది మహిళలు కూడి సొంత సంఘం పెట్టుకున్నారు. నియమాలు వాళ్లే రాసుకున్నారు. గుర్రం మీద మూడు పీపాల చుట్టూ తిరిగి వేగంగా గీత దగ్గరికి రావాల్సిన పీపాల పందెమే చూడండి. బయలుదేరే గీత నుంచి మొదటి రెండు పీపాలకు 60 అడుగులు, ఆ రెంటి మధ్య 90, వాటి నుంచి మూడోదానికి 105. ఇది ప్రామాణిక కొలత. పీపా పడితే 5 సెకన్లు కలుపుతారు. గెలుపోటములు సెకనులో వందో వంతు దగ్గర తేలతాయి కాబట్టి అసలు తగువంతా నేలతోనే. ప్రతి గుర్రమూ ఒకే చోట తిరగడంతో పీపా చుట్టూ గుంట పడుతుంది. పైమట్టి పోయి అడుగున గట్టినేల తేలితే చివర వచ్చేవాళ్ల గుర్రాలు జారతాయి. అందుకే మధ్యమధ్య ఆపి నేల చదును చేస్తారు. తీసిన పీపాను మళ్లీ కంటి అంచనాతో పెట్టకుండా, టేపుతో కొలిచి ముందే పాతిన గుర్తు మీదే పెడతారు.

గీత దగ్గర కాంతికిరణంతో పనిచేసే గడియారం ఉన్నా, అది మొరాయిస్తే ఆదుకోవడానికి చేతి గడియారాలు ఉండాల్సిందే. ఎద్దు స్వారీలో పడకుండా నిలవాల్సిన 8 సెకన్ల లెక్క గేటు తీయగానే మొదలవదు, ఎద్దు భుజం గేటు గీత దాటాక మొదలవుతుంది. ఈ పనికి కన్ను అలవాటు పడాలి. చాలా ఊళ్లలో టైమర్లూ, ఎంట్రీలు, చీటీలు, బహుమతి పంపకాలు చూసే సెక్రటరీలూ ఆడవాళ్లే. స్వారీ మానేశాక కూడా ఏళ్ల తరబడి ఈ పని చేస్తారు. (మానడానికి వయసే కారణం కానక్కర్లేదు. మేరీ బర్గర్ 2016లో 68వ ఏట పీపాల పందెంలో ప్రపంచ విజేత అయింది.)

రోడియో ఎద్దుల్లో చాలావాటిలో బ్రాహ్మన్ అనే అమెరికా పశుజాతి రక్తం ఉంది. ఆ జాతి తయారీలో మన ఒంగోలు పశువులకూ పాలుంది. మరి ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో మన ఆడవాళ్లు ఎక్కడున్నారు? నిర్ణీత సమయంలో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే ఫలితం. విజిలూ, గడియారమూ, టేపూ ఒక్కరి చేతిలోనే ఉంటే తగాదా రాక మానదు. పోటీలో జత లేని కుటుంబాల నుంచి ఇద్దరు మహిళలకు గడియారాలివ్వండి. ఒక విభాగం ముగిసేదాకా వాళ్లను మార్చొద్దు. సమయాన్ని విడివిడిగా రాశాకే పోల్చాలి. గుడ్డ టేపు సాగుతుంది, ఉక్కు టేపు వాడండి. బండ ఒరిగి ఆగితే ఏ మూల నుంచి కొలవాలో పోటీకి ముందే రాసిపెట్టుకోండి.

ఈ సంక్రాంతికి కుర్ర గిత్తలు దిగే రెండు పళ్ల విభాగంతో మొదలుపెట్టి చూడవచ్చు. సీనియర్స్‌తో పోలిస్తే అక్కడ పందెం ఒత్తిడి తక్కువ, కమిటీవాళ్లూ కొత్త పద్ధతికి అంతగా అడ్డు చెప్పరు.

– ఇద్దరు పాఠకులు, ఒంగోలు