ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, వెన్నుపాము కనిపించదు

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు జంతువుల గురించి పత్రికల్లో వచ్చే శీర్షికల్లో టీకాలు, ఆహారం, చర్మవ్యాధుల ప్రస్తావన తరచుగా ఉంటుంది గాని వెన్నెముక జబ్బుల ఊసు అరుదు. కుక్కకో పిల్లికో వెనుక కాళ్లు తడబడినప్పుడు యజమానులు పడే ఆందోళనను చాలా ఏళ్లుగా దగ్గరుండి చూస్తున్న పశువైద్యుడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చేతిలో అప్పటికే ఒక ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది. "ఇందులో ఏమీ లేదన్నారండీ, అందుకే రెండు రోజులు ఆగాం" అంటారు. ఆ రెండు రోజుల గురించే నా బాధ.

ఎక్స్‌రే చూపించేది ఎముకను. పూస విరిగినా, పక్కకు జరిగినా, పుట్టుకతోనే వంకరగా ఏర్పడినా, కణితి ఎముకను తినేస్తున్నా ఆ ఫిల్ము చెబుతుంది. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు సున్నం పేరుకుంటే తప్ప అందులో కనిపించదు. వెన్నుపాము అసలే కనిపించదు. రెండు పూసల నడుమ ఖాళీ తగ్గినట్టు కనబడితే అక్కడ డిస్కు జారిందేమోనని అనుమానించవచ్చు. అది నిజంగా వెన్నుపామును నొక్కుతున్నదా, కుడివైపు నుంచా, ఎడమవైపు నుంచా అన్నది తేలనిదే ఆపరేషన్‌కు పూనుకోవడం తగదు.

డాక్స్‌హండ్ వంటి పొట్టి కాళ్ల కుక్కల్లో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. ఆ పొట్టితనంతో ముడిపడిన జన్యుమార్పే వాటి డిస్కులను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. మధ్యవయసు రాకముందే ఒకరోజు సోఫా మీద నుంచి దూకినప్పుడో, ఏ కారణమూ లేకుండానో లోపలి గుజ్జు పగిలి పైకి తన్నుకొస్తుంది. ఇది ఎక్కువగా జరిగేది ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోటనే. అంతకు ముందున్న భాగంలో పక్కటెముకల తలలను జతగా కలిపే స్నాయువు ఒకటి డిస్కుకు అడ్డుకట్టలా నిలుస్తుంది. ఆ రక్షణ ఆగిపోయిన చోట ప్రమాదం మొదలవుతుంది. కాళ్లు కదలకపోయినా నొప్పి ఇంకా తెలుస్తున్న దశలో ఆపరేషన్ చేస్తే పదింటిలో తొమ్మిది కుక్కలు మళ్లీ నడుస్తాయి. నొప్పి కూడా తెలియని దశకు చేరాక ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోతుంది.

కాబట్టి యంత్రం కంటే ముందు చేతులతో చేసే పరీక్ష రావాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. కుక్క వెనుక పాదాన్ని తిరగేసి నేలకు ఆనిస్తే అది వెంటనే సరిచేసుకుంటుందా లేదా చూడాలి. వీపు మీది చర్మాన్ని తుంటి దగ్గర నుంచి తల వైపుగా, పూసకొకసారి గిల్లుతూ పోతే ఆరోగ్యంగా ఉన్న జంతువు చర్మం జలదరిస్తుంది. దెబ్బతిన్న జంతువులో తుంటి దగ్గర ఆ జలదరింపు ఉండదు, తల వైపు పోయేకొద్దీ ఒకచోట హఠాత్తుగా మొదలవుతుంది. అసలు దెబ్బ ఆ చోటికి కాస్త ముందు, అంటే ఇంకొంచెం తల వైపు ఉంటుంది. ఆ తర్వాత కాలివేలి ఎముకను పట్టకారుతో గట్టిగా నొక్కాలి. ఇక్కడ అనుభవం లేనివారు తరచుగా పొరబడతారు: కుక్క కాలు వెనక్కి లాక్కుంటే నొప్పి తెలుస్తున్నదని సంబరపడతారు. అది వెన్నుపాము కింది భాగం తనంతట తాను చేసే ప్రతిచర్య మాత్రమే. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, కరవబోవాలి. అప్పుడే ఆ కబురు మెదడుకు చేరినట్టు.

ఎక్స్‌రే తీయించవలసి వచ్చినా దానికొక పద్ధతి ఉంది. మెడ నుంచి తోక దాకా ఒకే ఫిల్ములో ఇరికించిన ఫొటోలు నాకు చాలా వస్తాయి. కిరణాలు ఫిల్ము నడుమ మాత్రమే నిటారుగా పడతాయి, అంచులకు పోయేకొద్దీ ఏటవాలవుతాయి గనుక అంచున ఉన్న పూసల మధ్య ఖాళీ నిజానికి బాగానే ఉన్నా ఇరుకుగా కనబడుతుంది. అనుమానమున్న భాగాన్నే నడుమ పెట్టి, జంతువుకు కొద్దిగా మత్తు ఇచ్చి, మెడ కింద, నడుము కింద స్పంజి ముక్కలు పెట్టి, రొమ్ము ఎముక వెన్నెముకతో సమమైన ఎత్తులో ఉండేలా సర్ది, పక్క నుంచి ఒకటి, వెల్లకిలా పడుకోబెట్టి ఒకటి తీయాలి. పక్కటెముకలు లెక్కపెట్టడం కూడా మరవకూడదు. కుక్కకు పదమూడు జతలుంటాయి, కానీ కొన్నింటికి చివరి జత సరిగా ఎదగదు. ఆ లెక్క తప్పితే పూసల లెక్కా తప్పి, ఆపరేషన్ పక్క పూస దగ్గర జరిగే ప్రమాదముంది.

ఫిల్ములో ఏమీ కనిపించకపోవడం ఒక రకం ప్రమాదమైతే, ఏదో ఒకటి కనిపించడం మరో రకం ప్రమాదం. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నాను. చాలా కాలం కిందట ఒక ముసలి లాబ్రడార్ నడుము నొప్పితో వచ్చింది. ఫిల్ములో పూసల కింది అంచుల నుంచి ఎముక ముళ్లలా పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. స్పాండిలోసిస్ అని చెప్పి మూడు వారాలు నొప్పి మందులు వాడించాను. నడక దిగజారాక ఎంఆర్‌ఐకి పంపితే ఆ ముళ్లకు దూరంగా, మరో చోట, కణితి వెన్నుపామును అదుముతున్నది. వయసు మీద పడ్డ కుక్కల్లో ఆ ముళ్లు దాదాపు మామూలు విషయమనీ, చాలావాటికి వాటివల్ల ఏ బాధా ఉండదనీ నాకు తెలియక కాదు. కళ్లెదుట ఒక కారణం కనబడింది కదా అని అక్కడే ఆగిపోయాను. ఆ ఫిల్ము ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

సీటీ స్కాన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, విరిగిన పూసలనూ సున్నం పట్టిన డిస్కులనూ బాగా చూపిస్తుంది. డాక్స్‌హండ్‌కు చాలాసార్లు అదే సరిపోతుంది. వెన్నుపాము లోపలి వాపు, రక్తం ఆగి చచ్చుబడిన భాగం, నరాల కణితులు చూడాలంటే ఎంఆర్‌ఐ కావాలి. రెండింటిలోనూ జంతువు కదలకూడదు గనుక మత్తు తప్పదు. ఎంఆర్‌ఐకి ఆ మత్తు మరింత సేపు సాగుతుంది. భుజాల మధ్య మైక్రోచిప్ ఉంటే ముందే చెప్పాలి, మెడ దగ్గరి చిత్రం అక్కడ చెదిరిపోతుంది. నొప్పి లేకుండా నెలల తరబడి కాళ్లు బలహీనపడుతూ వచ్చిన జర్మన్ షెపర్డ్‌కు ఎంఆర్‌ఐలో ఏమీ కనబడకపోతే ఆ డబ్బు వృథా అయిందని బాధపడనక్కరలేదు. వెన్నుపాము నెమ్మదిగా క్షీణించే జబ్బును గుర్తించడంలో మిగతా కారణాలు లేవని తేలడం ఒక ముఖ్యమైన మెట్టు.

పిల్లుల సంగతి వేరు. వాటిలో డిస్కు జారడం అరుదు. ప్రమాదాలు, ఇన్‌ఫెక్షన్లు, లింఫోమా అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్ ముందు గుర్తుకు రావాలి. అరుస్తూ హఠాత్తుగా వెనుక కాళ్లు పడిపోయిన పిల్లిని చూసి వెన్నెముక ఫొటోకు పరుగెత్తేముందు పాదాలు తాకి చూడండి. అవి చల్లబడి, అరికాళ్ల మెత్తలు పాలిపోయి లేదా నీలంగా మారి, గజ్జల్లో నాడి అందకపోతే గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ కాళ్లకు పోయే ధమనిని మూసేసిందని అర్థం. ఆ పిల్లికి కావలసినది వెన్నెముక స్కాన్ కాదు.

వాహనం గుద్దిన జంతువును చంకన వేసుకుని తెచ్చేవారికి ఒక విన్నపం. చెక్క పలకో, గట్టి అట్టో ఏది దొరికితే దాని మీదికి మెల్లగా జరిపి, దుప్పటితో కట్టి అలాగే తీసుకురండి. ఎక్స్‌రే గదిలోనూ దానిని వెల్లకిలా తిప్పవద్దని, పలక మీదే ఉంచి యంత్రం గొట్టాన్ని పక్కకు తిప్పి రెండో ఫొటో తీయమని అడిగే హక్కు మీకుంది.

నడిచేటప్పుడు గోళ్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారే దాకా ఆగకుండా బయలుదేరవలసిందని మీ శీర్షికలో ఒక్కసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పశువైద్యుడు