మా బాపు గీసిన దరీ డిజైన్ల గళ్ళను మాకు తిరిగి ఇచ్చిన తమ్మునికి

పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. కాజీపేటలో ఉండే ఒక తమ్మునికి, ఆ తమ్ముణ్ని మాకు చూపించిన పక్కింటి వదినకు, హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్ నడిపే అన్నకు మా ఇంటిల్లిపాది తరఫున దండాలు. ఒట్టి థాంక్స్ చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పడం లేదు, అందుకే జరిగిందంతా రాస్తున్నాను.

మా బాపు వరంగల్ కొత్తవాడలో దరీలు, అంటే నేల మీద పరుచుకునే నేత తివాచీలు, నేసేవాడు. నేతకన్నా డిజైన్ గీయడమంటే ఆయనకు ప్రాణం. గ్రాఫ్ కాగితం ముందేసుకుని ఒక్కో గడినీ రంగు పెన్సిల్‌తో నింపుకుంటూ పోయేవాడు. ఏ రంగు పేక (అడ్డంగా నేసే నూలు) ఎక్కడ ఆగాలి, పక్క రంగు ఎక్కడ అందుకోవాలి, అంతా ఆ గళ్ళలోనే. ఒక కాగితం మీద చాయ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంటుంది. ఆ మరక నడుమ ఆయన చేతిరాత: "ఎరుపు తగ్గించాలె."

2018లో వరంగల్ దరీలకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పుడు బాపు ఎంతో సంబరపడ్డాడు. "పేరైతే వచ్చింది బిడ్డా, మరి ఈ కాగితాలు ఎవలు దాస్తరు?" అన్నాడు. ఆ మాట మీదనే స్కానర్ కొన్నాను. ఆదివారం ఆదివారం కూర్చుని 316 కాగితాలు స్కాన్ చేశాను. తర్వాత బాపు పోయాడు. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు దిక్కున్న మా ఇంట్లోకి నీళ్ళొచ్చి, ట్రంకు పెట్టెలోని అసలు కాగితాలన్నీ ముద్దయ్యాయి. కంప్యూటర్ మేడ మీద గదిలో ఉండబట్టి దక్కింది. అప్పటినుంచి బాపు డిజైన్లు ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్లోనే. ఇంకో కాపీ తీయాలని అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

మొన్న సంక్రాంతి తర్వాత అది లేవలేదు. ఫ్యాన్ తిరుగుతుంది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి, తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది. చెవి దగ్గర పెడితే లోపల టిక్, టిక్‌మని చప్పుడు. టెన్షన్‌తో ఓ పదిసార్లు ఆన్ చేసి, ఆఫ్ చేసి చూశాను. షాపుకు తీసుకుపోతే, "ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తే లేస్తది మేడం. సీ డ్రైవ్ ఒక్కటే పోతది, డీ డ్రైవ్‌కు ఏం కాదు" అన్నారు. నాకు అది బాగానే అనిపించింది. రేపు తెస్తానని ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం వదినతో మాటల్లో ఈ సంగతి చెబితే, వెంటనే తన మేనల్లుడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆ తమ్ముడు అన్న మొదటి మాట: "అక్కా, ముందుగాల బంద్ చేయుండ్రి. నేనొచ్చేదాక మళ్ళీ ఆన్ చేయకుండ్రి." చప్పుడు వస్తున్న డిస్క్ తిరిగే ప్రతి నిమిషం ఇంకింత పాడవుతుందట. రెండో మాట: "ఫోల్డర్ ఏడ పెట్టిండ్రు?" ముందే కనబడాలని డెస్క్‌టాప్ మీద పెట్టానన్నాను. "డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే కదక్కా" అన్నాడు. నా కాళ్ళల్లో సత్తువ పోయింది. ఆ ఫోన్ ఒక్క రోజు ఆలస్యమైతే బాపు డిజైన్లను నా చేతులతో నేనే ఫార్మాట్ చేయించేదాన్ని.

ఆదివారం పొద్దుగూకే వేళకు వచ్చాడు. క్యాబినెట్ విప్పి, దుమ్ము తుడిచి, కేబుల్ తీసి పెట్టి ఒక్కసారి చూశాడు. డిస్క్‌ను కంప్యూటర్ గుర్తుపడుతోంది, అంతవరకు చాలన్నాడు. నన్ను కొత్తగా ఒక 1 టీబీ డిస్క్ కొనమన్నాడు, మా పాతది 500 జీబీ. మా డిస్క్‌ను బయటికి తీసి, విడిగా కరెంటు ఇచ్చే డాక్‌లో పెట్టి, తన ల్యాప్‌టాప్‌ను విండోస్‌తో కాకుండా పెన్ డ్రైవ్‌లోని లినక్స్ అనే ఇంకో సిస్టంతో నడిపాడు. ఫోల్డర్ తెరిచి కాపీ, పేస్ట్ కొడతాడేమో అనుకున్నాను. ఆ పని చేయలేదు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం పెట్టాడు. "పాడైన చోట కొట్లాడుకుంట కూసుంటే బాగున్నది కూడా పోతది. ఇది సులువుగా వచ్చేదంతా ముందు తీసుకుంటది, మొండికేసిన దగ్గరికి మళ్ళొస్తది" అని చెప్పాడు. ఎంతవరకు చదివిందో పక్కన ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుందట. దాని విలువ ఆ రాత్రే తెలిసింది. పదకొండింటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడింది గానీ డాక్ ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కరెంటు రాగానే ఆగిన చోటినుంచే మళ్ళీ అందుకుంది.

మంగళవారం పొద్దుటి దాకా నడిచింది. తన డ్యూటీ చూసుకుంటూనే రెండు రాత్రులూ వచ్చి చూసిపోయాడు. పాత డిస్క్‌ను పక్కన పెట్టి, కొత్త దాంట్లోని కాపీనే తెరిచాడు. మాది పాత విండోస్ 7, డిస్క్‌కు తాళం లేదు కాబట్టి నేరుగా తెరుచుకుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే రికవరీ కీ లేనిదే ఏమీ చదవలేమట, మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఆ కీ ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. 316లో 312 చెక్కుచెదరకుండా వచ్చాయి. చాయ మరక కాగితం వచ్చింది. తెర మీద అది కనబడగానే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డబ్బులిస్తే తీసుకోలేదు. అమ్మ చేసిన సర్వపిండి మాత్రం రెండు పూటలా తిన్నాడు.

ఇక డీటీపీ అన్న సంగతి. ఒక్కో డిజైన్ గురించి బాపు చెప్పిన వివరాలను అప్పట్లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో టైప్ చేయించాను. ఆ ఫైళ్ళు దొరికాయి గానీ తెరవడానికి మా దగ్గర పేజ్‌మేకర్ లేదు. అన్న తన సిస్టంలో తెరిచి, ఏ కంప్యూటర్లోనైనా చదువుకోగలిగే యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన ఒత్తులను కూర్చుని సరిచేశాడు. ప్రింట్ల ఖర్చు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. ఇప్పుడు అన్నిటికీ కరీంనగర్‌లో మా చెల్లె దగ్గర ఒక కాపీ, మా దగ్గర రెండు ఉన్నాయి.

మిగిలిన నాలుగు బొమ్మల్లో మూడు సగం వరకే వచ్చాయి, కింద అంతా బూడిద రంగు. అవి పోయాయనే అనుకున్నాను. ఏళ్ళకేళ్ళు బాపుకు కండెలు చుట్టిచ్చిన అమ్మ మాత్రం అలా అనుకోలేదు. "ఇది రెండు దిక్కులా ఒక్కతీరే ఉంటది బిడ్డా, పైనున్నదే కిందికి తిప్పి గీయి" అంది. గ్రాఫ్ కాగితం తెచ్చాను. నేను గళ్ళు లెక్కపెట్టి చెబుతుంటే అమ్మ పెన్సిల్‌తో నింపింది. మూడూ పూర్తయ్యాయి.

నాలుగో దాంట్లో పై మూల ఒక్కటే మిగిలింది. మెరూన్ అంచు, లోపల పసుపు మెట్లు, ఆ పక్కన నీలం మొదలవుతూ ఆగిపోయింది. కొత్తవాడలో బాపుతో కలిసి నేసినవాళ్ళు, ఆ దరీ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, పరిచి ఒక్క ఫోటో తీసి పంపండి. పాతదైనా, చిరిగినదైనా ఫరవాలేదు.